కుక్కర్ విజిల్లోంచి పప్పునీళ్లు చిమ్ముతున్నాయి, ఒక్కోసారి విజిలే రాదు – ఏటి చెయ్యాలి?

నాగావళి గట్టు (శ్రీకాకుళం)
3 లీటర్ల అల్యూమినియం కుక్కర్, మూత పైనుంచి తిప్పి బిగించే రకం. రెండు గ్లాసుల కందిపప్పుకి ఆరు గ్లాసుల నీళ్లు (గ్లాసు 200 మి.లీ.), పెద్ద మంట. రెండో విజిల్‌కే పచ్చటి పప్పునీళ్లు స్టవ్వంతా చిమ్ముతున్నాయి. ఇంకోసారి విజిలే రాదు, పిడి పక్కనుంచి బుస్సుమని ఆవిరి పోతాది. గాస్కెట్ (మూత లోపలి రబ్బరు రింగు) ఫ్రిజ్‌లో పెట్టమని ఒకరు, చిమ్మకుండా విజిల్ మీద గుడ్డ కప్పమని ఇంకొకరు అంటన్నారు. ఏది చెయ్యొచ్చు, ఏది ప్రమాదం? తెలిసినవాళ్లు విడమరిచి చెప్పండి.

నరసన్నపేట అప్ప
గుడ్డ మాట ఇప్పుడే మర్చిపోండి నాయినా. విజిల్ మీద గుడ్డ గానీ, గిన్నె గానీ, గరిటె గానీ ఏదీ పెట్టకూడదు. మామూలుగా ఆవిరి బయటికి పోయే దారి అదొక్కటే.

పప్పు చిమ్మడానికి కారణం మీ కొలతలోనే ఉంది. 3 లీటర్ల కుక్కర్లో పప్పు, బియ్యం, గింజలు ఏవైనా నీళ్లతో కలిపి సగానికి మించకూడదు. అంటే లీటరున్నర. మీది ఎనిమిది గ్లాసులు, 1,600 మి.లీ. పప్పు పొంగుతుంది, నురగ కడుతుంది. ఆ నురగ నేరుగా మూతకి తగిలి, నాజిల్లోంచి (విజిల్ కూర్చునే గొట్టం) పైకి వస్తోంది. కూరలూ చారూ అయితే మూడింట రెండొంతుల దాకా నింపొచ్చు. పొంగే సరుక్కి మాత్రం సగమే.

ఇవి చేసి చూడండి. గ్లాసు పప్పుకి మూడు గ్లాసుల నీళ్లు. పప్పు కడిగి అరగంట నానబెట్టి, కడుగునీళ్లు తేటగా వచ్చేదాకా పారబొయ్యండి. ఎసట్లో చెంచాడు నూనె, చిటికెడు పసుపు. మూత పెట్టకుండా ఒక పొంగు రానిచ్చి, పైన తేలిన తెల్ల నురగ గరిటెతో తీసీండి. అప్పుడు మూత. మొదటి విజిల్ రాగానే సిమ్‌లో పెట్టీండి. ఉప్పు, చింతపండు పప్పు ఉడికాకే.

గంటస్తంభం రిపేర్లు (విజయనగరం)
అప్ప గారు చెప్పింది పొంగు గురించి. రెండో సమస్య, పిడి పక్కనుంచి ఆవిరి పోవడం, వేరే సంగతి. ఈ వరుసలో చూడండి.

గాస్కెట్ తీసి వేళ్లతో వంచండి. చిన్న చిన్న పగుళ్లు కనబడినా, గట్టిపడి ప్లాస్టిక్‌లా అనిపించినా, సాగి మూత గాడిలోంచి జారిపోతున్నా దాని పని అయిపోయినట్టే. రోజూ వాడే ఇంట్లో ఏడాదికోసారి మార్చడం మంచిది. ఆర్నెల్లకే గట్టిపడితే అప్పుడే మార్చాలి. ఫ్రిజ్‌లో పెడితే రబ్బరు కాసేపు కుంచించుకుంటుంది, పొయ్యి మీద వేడెక్కగానే మళ్లీ సాగుతుంది. పగులు మాత్రం ఫ్రిజ్‌లో పూడదు.

గాస్కెట్ బాగానే ఉంటే గిన్నె అంచు చూడండి. బల్ల మీద బోర్లించి అంచు చుట్టూ వేలితో తడమండి. కిందపడి చిన్న సొట్ట పడినా ఆవిరి అక్కణ్నుంచే పోతుంది. ఆ సొట్టని సుత్తితో సరిచేయించకండి, అల్యూమినియం అక్కడ పల్చబడి చిట్లుతుంది. అంచుకి ఎండిన గంజి, పప్పు అంటుకున్నా ఇదే లక్షణం. అది మాత్రం తడిగుడ్డతో తుడిస్తే పోతుంది.

మూడోది పిడి స్క్రూలు. పై పిడి వదులైతే మూత పూర్తిగా తిరగదు. రెండు పిడులూ సరిగ్గా ఒకదాని మీద ఒకటి రావాలి. సగం తిరిగిన మూతతో పొయ్యి మీద పెట్టకూడదు.

నాగావళి గట్టు
గాస్కెట్ మీద సన్నటి పగుళ్లు ఉన్నాయి. మార్చుతాను. ఏ కంపెనీ గాస్కెటైనా సైజు కలిస్తే చాలా?

గంటస్తంభం రిపేర్లు
చాలదు. మీ కుక్కర్ కంపెనీదే, మీ లీటర్ల మోడల్‌దే తీసుకోండి. అడ్డం కొలత ఒకటే అయినా రబ్బరు మందం, అంచు రూపం వేరుగా ఉంటాయి. విజిల్ విషయంలో ఇది ఇంకా ముఖ్యం, దాని లెక్క మాస్టారు ఎవరైనా ఉంటే చెప్పాలి.

సేఫ్టీ వాల్వ్ (ఒత్తిడి మితిమీరితే ఆవిరిని వదిలేందుకు మూతకి ఉండేది) కూడా అంతే. కొన్నిచోట్ల సేఫ్టీ వాల్వ్ కారుతోందని ఆ రంధ్రంలో మామూలు బోల్టు, నట్టు వేసి బిగించేస్తారు. ఆ కుక్కర్ మీద ఇక వంట చెయ్యకూడదు. మూత తిప్పి చూడండి. సేఫ్టీ వాల్వ్ మధ్యలో బూడిదరంగు మెత్తటి లోహం చుక్కలా కనబడాలి. అక్కడ ఇనప బోల్టు తల కనబడితే ఎవరో మార్చేశారన్నమాట.

ఫిజిక్సు పాఠం (రాజాం)
విజిల్ లెక్క ఇదీ. ఇళ్లలో కుక్కర్లు బయటి గాలి ఒత్తిడి మీద చదరపు సెంటీమీటరుకి దాదాపు 1 కిలో అదనపు ఒత్తిడి దగ్గర పనిచేస్తాయి. ఆ ఒత్తిడి ఎంతో తేల్చేది రెండే: విజిల్ బరువు, అది కూర్చున్న నాజిల్ రంధ్రం. లెక్క కోసం రంధ్రం అడ్డం 3 మి.మీ. అనుకుందాం. దాని వైశాల్యం 0.07 చ.సెం.మీ. 1 కిలో ఒత్తిడికి విజిల్ లేవాలంటే అది 70 గ్రాములు ఉండాలి. అదే నాజిల్ మీద 100 గ్రాముల వేరే కంపెనీ విజిల్ పెడితే 1.4 కిలోల దాకా లేవదు. చూడ్డానికి రెండు విజిళ్లూ ఒకేలా ఉంటాయి, లోపల ఒత్తిడి దాదాపు ఒకటిన్నర రెట్లు. అందుకే ఇంట్లో రెండు కుక్కర్లుంటే విజిళ్లు కలిసిపోకుండా దేని విజిల్ దాని మూతకే ఉంచాలి.

ఆ 1 కిలో చిన్నదిగా వినిపిస్తుంది. మూత అడ్డం 20 సెం.మీ. అయితే వైశాల్యం 314 చ.సెం.మీ. అంటే లోపలి ఆవిరి మూతని 300 కిలోలకి పైగా బలంతో పైకి తోస్తోంది. 75 కిలోల ధాన్యం బస్తాలు నాలుగు. ఆ బలాన్ని పట్టుకుని ఉన్నవి మూత అంచు చుట్టూ ఉన్న పళ్లు, అంతే. మూత తిరగట్లేదని బలం పెట్టి తిప్పేవాళ్లు ఈ అంకె గుర్తుంచుకోవాలి.

చీపురుపల్లి వంటిల్లు
మాస్టారూ, ఆవిరి కొంచెమే ఉన్నప్పుడు తీస్తే ఏమవుతుంది? విజిల్ గరిటెతో ఎత్తి ఆవిరంతా పోయాక తీసేవాళ్లు చాలామంది ఉన్నారు కదా.

ఫిజిక్సు పాఠం (రాజాం)
లోపల నీళ్లు 121 డిగ్రీల దగ్గర ఉంటాయి. మామూలు గిన్నెలో నీళ్లు 100 డిగ్రీలు దాటవు. కుక్కర్లో దాటుతున్నాయంటే ఒత్తిడి అణిచిపెట్టి ఉంచడం వల్లనే. ఆ ఒత్తిడి ఒక్కసారిగా పోతే, 100 మీద ఉన్న ఆ 21 డిగ్రీల వేడి అంతా ఆ క్షణంలోనే నీటిని ఆవిరి చేస్తుంది. లీటరు నీటికి దాదాపు 40 గ్రాములు. 40 గ్రాముల నీళ్లు ఆవిరైతే 65 లీటర్లకి పైగా చోటు కావాలి. 3 లీటర్ల గిన్నెలో ఆ చోటు ఎక్కడుంది? పప్పుని కూడా లేపుకుని పైకొస్తుంది. మొహం మీద, చేతుల మీద పడేది ఆ పప్పే. నీళ్లైతే జారిపోతాయి, పప్పు చర్మానికి అంటుకుని కాలుస్తూనే ఉంటుంది.

విజిల్ కొద్దికొద్దిగా ఎత్తితే ఇదే పని నెమ్మదిగా జరుగుతుంది. దుంపలు, ఆవిరి మీద పెట్టిన గిన్నెలు, మొక్కజొన్న పొత్తులు అయితే పర్వాలేదు. పప్పు, అన్నం, ఉలవలు, గంజి ఉన్నవేవైనా అయితే లోపల మళ్లీ ఉవ్వెత్తున పొంగి నాజిల్లోకి వస్తాయి. వాటిని పొయ్యి ఆపి పది, పదిహేను నిమిషాలు వదిలేయాల్సిందే.

బొబ్బిలి కోట వీధి
చన్నీళ్ల కింద పెడితే తొందరగా దిగుతుంది. అదైనా మంచిదేనా?

నరసన్నపేట అప్ప
మందంగా ఉన్న అల్యూమినియం, స్టీలు కుక్కర్లకి చేయొచ్చు. మూత మీద పక్కనుంచి సన్నధారగా పొయ్యాలి, విజిల్ మీదా సేఫ్టీ వాల్వ్ మీదా పడకూడదు. పప్పుకి నేను ఒప్పుకోను. కుక్కర్లో పప్పు మెత్తబడేది పొయ్యి ఆపాక ఆ పది నిమిషాల్లో కూడా. చన్నీళ్లు పోస్తే పప్పు పలుకుగా మిగిలి, మళ్లీ పొయ్యి ఎక్కించాలి.

ఒత్తిడి దిగిందో లేదో ఇలా చూసుకోండి. విజిల్‌ని పట్కారుతో కొంచెం ఎత్తితే శబ్దం ఏమీ రాకూడదు. మూత లోపలికి పోయే రకమైతే (హాకిన్స్ లాంటివి) ఒత్తిడి పూర్తిగా పోతేగానీ మూత కిందకి దిగదు, దానంతటదే ఆపుతుంది. పైమూత రకానికి ఆ ధైర్యం లేదు, తిప్పితే తిరిగిపోగలదు. రెండు చేతులతో, మొహం పక్కకి తిప్పుకుని, మూత అవతలి అంచు ముందు లేచేలా తియ్యండి. ఆవిరి మీ వైపు రాదు.

ఇచ్ఛాపురం రోడ్డు
విజిళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు. కందిపప్పుకి మూడా, ఐదా?

ఫిజిక్సు పాఠం (రాజాం)
విజిళ్లు లెక్కపెట్టొద్దు. పెద్ద మంట మీద ఒక్క నిమిషంలో రెండు కూడా వస్తాయి. సిమ్‌లో మూడు నాలుగు నిమిషాలకి ఒకటి రావచ్చు, రాకపోవచ్చు కూడా. "మూడు విజిళ్లు" అంటే ఒక ఇంట్లో రెండు నిమిషాలు, ఇంకో ఇంట్లో పది. మొదటి విజిల్ వచ్చిందంటే లోపల ఒత్తిడి నిండిందని అర్థం. మంట తగ్గించి, గడియారం అప్పుడు మొదలుపెట్టాలి. ఆ తర్వాత పెద్ద మంట పెట్టినా లోపల వేడి పెరగదు, విజిల్లోంచి నీళ్లే ఆవిరై పోతాయి. గ్యాసు దండగ, అడుగంటే ప్రమాదం.

నరసన్నపేట అప్ప
సిమ్‌లో నిమిషాలు, మన సరుకులకి. నానిన కందిపప్పు 6 నుంచి 8. పెసరపప్పు 3, 4 చాలు. శనగపప్పు గంట నానితే 10, 12. బొబ్బర్లు ఆరేడు గంటలు నానితే 10. శనగలు రాత్రంతా నానబెట్టి 15 నుంచి 20. బంగాళదుంపలు నడిపరకం 8 నుంచి 10, చిలగడదుంపలు 6, 7. పచ్చి కందికాయలు ఉప్పునీళ్లలో 5 దాటొద్దు, వేరుశనగ పచ్చికాయలు 10 నుంచి 15. నాటుకోడి 20 నుంచి 25, ముదురైతే ఇంకో ఐదు. పాతబడిన పప్పుకి ఇవి చాలవు.

ఉలవలకి ప్రత్యేకంగా చెప్పాలి. రాత్రంతా నానబెట్టాలి, గ్లాసుకి నాలుగైదు గ్లాసుల నీళ్లు, సిమ్‌లో 25 నుంచి 30 నిమిషాలు. ఉలవ పొట్టు ఊడి పైకి తేలుతుంది. నాజిల్ రంధ్రంలో ఇరుక్కునేది ఎక్కువగా ఇదే. కాబట్టి ఉలవలకి కుక్కర్ మూడోవంతు నిండితే చాలు. చారు కోసం ఎక్కువ నీళ్లు కావాలంటే ఉడికాక కలుపుకోవచ్చు.

టెక్కలి వంటశాల
ఉలవలు, కందిపప్పు పెట్టే ప్రతిసారీ మూత పెట్టేముందు నాజిల్‌లోంచి వెలుతురు చూడాలి. మూత ఎత్తి పట్టుకుని, కింద నుంచి రంధ్రంలోకి చూస్తే అవతల దీపం చుక్కలా కనబడాలి. కనబడకపోతే నీళ్లు పోస్తూ సన్నటి తీగతో పొడవాలి. పుల్లతో పొడవకండి, లోపలే విరుగుతుంది. విజిల్ లోపలి భాగం కూడా సబ్బునీళ్లతో కడగాలి, అక్కడ పప్పు ఎండి సిమెంటులా గట్టిపడుతుంది.

ఇంకో అలవాటు: పైమూత రకానికి విజిల్‌ని మొదటే పెట్టకుండా, నాజిల్లోంచి ఆవిరి సన్నగా ఆగకుండా వచ్చాక పెట్టడం. దారి తెరిచి ఉందని అప్పుడే తెలిసిపోతుంది. లోపలి గాలి కూడా ముందే బయటికి పోతుంది. ఐదు నిమిషాలైనా ఆవిరి రాకపోతే పొయ్యి ఆపెయ్యాలి. దారి మూసుకుని ఉండొచ్చు, లేదా నీళ్లు పొయ్యడం మర్చిపోయి ఉండొచ్చు.

చీపురుపల్లి వంటిల్లు
నీళ్లు మర్చిపోతే సేఫ్టీ వాల్వ్ పోతుంది అంటారు. అది ఎలా పనిచేస్తుంది?

గంటస్తంభం రిపేర్లు
వాల్వ్ మధ్యలో ఉన్న ఆ మెత్తటి లోహం తక్కువ వేడికే కరిగే మిశ్రమం. నీళ్లున్నంతసేపూ లోపల వేడి 121 దాటదు కాబట్టి అది కరగదు. నీళ్లు ఇంకిపోయినా, నాజిల్ మూసుకుపోయి ఒత్తిడి పెరిగినా లోపలి వేడి దానితోపాటు పెరుగుతుంది. లోహం కరిగి రంధ్రం తెరుచుకుంటుంది, ఆవిరి అక్కణ్నుంచి పోతుంది. ఒకసారి కరిగిందంటే కొత్త వాల్వే వెయ్యాలి. దాన్ని మాత్రమే మార్చి ఊరుకోకండి, ఎందుకు కరిగిందో తెలుసుకోవాలి. నాజిల్ శుభ్రంగా ఉందా, గాస్కెట్ కారుతోందా, అడుగు ఉబ్బిందా. అడుగు ఉబ్బి బల్ల మీద గిర్రున తిరుగుతున్న కుక్కర్‌ని పక్కన పెట్టెయ్యడమే.

కొన్ని మోడళ్లలో మూత అంచు మీద ఒక చిన్న పొడవాటి కిటికీ ఉంటుంది. ఒత్తిడి మితిమీరితే గాస్కెట్ అక్కణ్నుంచి బయటికి తోసుకొచ్చి ఆవిరి కిందకి పోతుంది. ఆ కిటికీ గోడ వైపు ఉండేలా కుక్కర్ పెట్టండి, మీ పొట్ట వైపు కాదు.

నీళ్ల కొలత: విడి గిన్నెల్లో అన్నం, పప్పు పెట్టినా అడుగున 300 మి.లీ. కంటే తక్కువ నీళ్లు ఉండకూడదు. 20 నిమిషాలు దాటే వంటలకి ఇంకో గ్లాసు.

బొబ్బిలి కోట వీధి
మా వైపు బోరునీళ్లకి కుక్కర్ లోపల నల్లగా అవుతుంది, పప్పు కూడా గట్టిగానే ఉంటోంది. దానికేమైనా ఉందా?

నరసన్నపేట అప్ప
రెండూ ఆ నీళ్ల పనే. చవిటి నీళ్లలో ఉండే సున్నం గింజ పొట్టుని గట్టిపరుస్తుంది. పప్పు ఎసట్లోకి మాత్రం తాగే మంచినీళ్లు పొయ్యండి, మార్పు ఆ పూటే కనబడుతుంది. వంట సోడా వేసీకండి. పప్పు మెత్తబడ్డా నురగ విపరీతం, అల్యూమినియం నల్లబడుతుంది, పప్పులో బలం కూడా పోతుంది. విడి గిన్నెలు పెట్టేటప్పుడు అడుగు నీళ్లలో నిమ్మచెక్క గానీ చింతపండు రెబ్బ గానీ వేస్తే కుక్కర్ నల్లబడదు. చింతపండు పులుసు మాత్రం రాత్రంతా అల్యూమినియంలో నిలవ ఉంచకూడదు, గుంటలు పడతాయి.

ఇచ్ఛాపురం రోడ్డు
కుక్కర్లో పెట్టకూడనివి ఏవైనా ఉన్నాయా అప్పా?

నరసన్నపేట అప్ప
సగ్గుబియ్యం, సేమ్యా, అటుకులు, చోడిపిండి జావ. చిక్కటి జిగురు నాజిల్‌కి వస్తుంది, అడుగు మాడినా పైకి తెలీదు. మూత బిగించి నూనెలో వేపుడు చెయ్యకూడదు. నూనె 200 డిగ్రీల దాకా పోతుంది, గాస్కెట్‌గానీ వాల్వ్‌గానీ దానికి చేసినవి కావు. తాలింపు కుక్కర్లోనే వేస్తే నీళ్లు పోసి ఎసరు మరిగాకే మూత.

టెక్కలి వంటశాల
కొత్తది కొనేవాళ్లు ఒక్కటి చూడండి. ఇంటి కుక్కర్లకి ఐఎస్ఐ ముద్ర 2021 ఫిబ్రవరి 1 నుంచి తప్పనిసరి. ప్రమాణం నంబరు ఐఎస్ 2347, గిన్నె మీద కానీ మూత మీద కానీ చెక్కి ఉంటుంది. సంతలో కిలోల లెక్కన అమ్మే కుక్కర్ల మీద అది ఉందో లేదో చూసుకోవాలి.

ఇంకొక సంగతి, ఇది కుక్కర్ది కాదు, పొయ్యిది. పప్పు పొంగి బర్నరు ఆరిపోతే గ్యాసు మాత్రం వస్తూనే ఉంటుంది. వాసన వస్తే లైటు స్విచ్‌లు ముట్టుకోకుండా రెగ్యులేటర్ ఆపి, తలుపులు తీసి, 1906కి ఫోన్ చెయ్యండి.

చీపురుపల్లి వంటిల్లు
ఆవిరి తగిలితే వెంటనే ఏం చెయ్యాలో కూడా రాయండి ఎవరైనా. చాలా ఇళ్లలో పేస్టు, సిరా రాసేస్తుంటారు.

ఫిజిక్సు పాఠం (రాజాం)
కుళాయి కింద మామూలు చల్లటి నీళ్లు 20 నిమిషాలు పారనివ్వాలి. ఐసు వద్దు. గాజులు, ఉంగరాలు వాపు రాకముందే తీసెయ్యాలి. చర్మానికి అంటుకున్న బట్ట లాగకూడదు. పేస్టు, సిరా, నెయ్యి, పసుపు ఏవీ రాయకూడదు. వేడి లోపలే ఉండిపోతుంది, డాక్టరు గాయాన్ని చూడలేరు కూడా. పలచటి శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పాలి. మొహం, కళ్లు, అరచేతి కంటే పెద్ద గాయం, లేదా చిన్నపిల్లలైతే ఆలస్యం చెయ్యకుండా 108కి.

నాగావళి గట్టు
మూత తిప్పి చూశాను. సేఫ్టీ వాల్వ్ మధ్యలో బూడిదరంగు చుక్క ఉంది, బోల్టు కాదు. నాజిల్లోంచి మాత్రం వెలుతురు సగమే కనబడుతోంది. తీగతో తీస్తే పసుపురంగు పొట్టు వచ్చింది. ఇప్పుడు గాస్కెట్ మార్చి, గ్లాసు పప్పు, మూడు గ్లాసుల నీళ్లతో పెట్టొచ్చా? ఇంటికి నలుగురం, గ్లాసు పప్పు చాలదేమో. ఒకటిన్నర పెట్టొచ్చా?

నరసన్నపేట అప్ప
ఒకటిన్నర పప్పు, నాలుగున్నర నీళ్లు, కలిపి 1,200 మి.లీ. సగం గీత 1,500 కాబట్టి పెట్టొచ్చు. కానీ నురగ తియ్యడం, చెంచాడు నూనె తప్పనిసరి. తీసిన తీగతోటే ఇంకోసారి పొడిచి, నీళ్లు ధారగా పారుతున్నాయో చూసి మరీ మూత పెట్టండి నాయినా. వెలుతురు పూర్తిగా కనబడాలి.

గంటస్తంభం రిపేర్లు
కొత్త గాస్కెట్ మొదటి రెండు మూడు సార్లు బిగువుగా ఉంటుంది. మూత తిరక్కపోతే అంచుకి ఒక్క చుక్క వంటనూనె రాయండి, ఎక్కువ రాస్తే రబ్బరు ఉబ్బుతుంది. వంటయ్యాక గాస్కెట్ తీసి కడిగి ఆరబెట్టి, మూత బిగించకుండా గిన్నె మీద బోర్లించి ఉంచండి.